ఒక్క వాక్యంలో మిగిలిన రాజు: అస్సీరియా సులిలి వంశం సంగతి మీరే తేల్చుకోవడం ఎలా

సులిలి అని ఒక రాజు. అస్సీరియా రాజుల జాబితాలో 27వ వాడు. ఆ జాబితా ఆయన గురించి చెప్పేది మొత్తం ఇంతే: "సులిలి, అమిను కొడుకు." ఏం చేశాడో లేదు, ఎన్నేళ్లు ఏలాడో లేదు, ఎలా పోయాడో లేదు. అయినా నెట్‌లో వెతికితే ఆయనకి పైన పది తరాలు, కింద పది తరాలు గీసిన వంశవృక్షాలు కనిపిస్తాయి, పక్కన ఏలిన సంవత్సరాలతో సహా. నేనూ మొదట్లో అలాంటి ఒకదాన్ని ఏ4 కాగితం మీద శ్రద్ధగా దించుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆ కాగితాన్ని నేనే చింపేశాను. ఎందుకు చింపానో చెబుతూ, మీరు అదే పని మొదటి నుంచి సరిగ్గా చేసుకునేలా ఒక్కో అడుగూ రాస్తున్నా. సులిలిని ఉదాహరణగా పట్టుకుందాం. పద్ధతి తెలిస్తే కిక్కియా, అకియా లాంటి మిగతా అనామకుల మీద కూడా ఇదే వాడుకోవచ్చు.

కావలసినవి: ఒక పొడుగాటి కాగితం, పెన్సిలు, రబ్బరు (ఇది చాలా ముఖ్యం), నెట్, రెండు సాయంత్రాలు. ఈ పలకల మీది పాత భాష అక్కాడియన్ రావక్కర్లేదు. ఓరాక్, సీడీఎల్ఐ అని రెండు ఉచిత వెబ్‌సైట్లు ఉన్నాయి, వాటిలో ఈ పాత శాసనాలకి ఇంగ్లీషు అనువాదాలు, పలకల ఫోటోలు చాలావరకు దొరుకుతాయి.

మొదలుపెట్టే ముందు కాస్త నేపథ్యం. అస్సీరియా అనగానే అష్షూర్‌బనిపాల్, సింహాల వేట, నినెవె గ్రంథాలయం గుర్తొస్తాయి. అదంతా క్రీ.పూ. 7వ శతాబ్దం. మన సులిలి దానికి 1300 ఏళ్లకి పైగా ముందటివాడు. అప్పటికి సామ్రాజ్యమూ లేదు, పాడూ లేదు. ఉత్తర ఇరాక్‌లో టైగ్రిస్ నదికి పడమటి ఒడ్డున అష్షూర్ అనే ఒక ఊరు, ఆ ఊరి పేరే పెట్టుకున్న ఒక దేవుడు, ఆ దేవుడి తరఫున పెత్తనం చేసే ఒక మనిషి, అంతే. ఇప్పుడు ఆ చోటుని ఖలాత్ షెర్ఖాత్ అంటారు. జర్మన్లు 1903 నుంచి 1914 దాకా వాల్టర్ ఆంద్రే ఆధ్వర్యంలో అక్కడ తవ్వారు.

అడుగు 1: మీ చేతిలో ఉన్న జాబితా ఏ పలకదో చూడండి

"అస్సీరియా రాజుల జాబితా" అంటే ఒకటే పలక అనుకుంటారు చాలామంది. మట్టిపలకల మీద మూడు పెద్ద ప్రతులు, కొన్ని ముక్కలు ఉన్నాయి. ఒకటి ఉత్తర ఇరాక్‌లోని ఖోర్సాబాద్‌లో, షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 1930ల మొదట్లో తవ్వినప్పుడు దొరికింది. అది అష్షూర్-నిరారి 5 దగ్గర ఆగుతుంది. రాసినవాడు చివర్లో వేసుకున్న సంవత్సరం ప్రకారం క్రీ.పూ. 738 నాటిది. రెండోది అమెరికాలోని సెవెంత్ డే అడ్వెంటిస్ట్ సెమినరీ దగ్గరికి చేరింది, క్రీ.పూ. 722లో పోయిన షల్మనేసర్ 5 వరకు వెళ్తుంది. మూడోది 1927లో నస్సూహి అనే పండితుడు అచ్చు వేసింది. ఇది క్రీ.పూ. 10వ శతాబ్దపు తిగ్లత్-పిలేసర్ 2 వరకే ఉంది, చాలా చోట్ల విరిగిపోయింది.

ఈ తేదీలు కాగితం మీద ఒక మూల రాసుకోండి. సులిలి కాలం ఉజ్జాయింపుగా క్రీ.పూ. 2000 అటూ ఇటూ. అంటే ఆయన పేరున్న ఈ జాబితాల్లో అన్నిటికంటే పాతది కూడా ఆయన పోయాక వెయ్యేళ్లకి రాసింది. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి ముత్తాత ఎవరో ఇవాళ మన వీధిలో ఎవరైనా కూర్చుని రాసిస్తే ఎంత నమ్ముతాం? రాసేవాడు అబద్ధాలకోరు కానక్కర్లేదు. వాడి ముందున్న పాత కాగితాలు ఏవి, వాటిని ఏ వరసలో పేర్చాడు, ఎవరి మెప్పు కోసం పేర్చాడు, ఇవే మనం అడగాల్సినవి.

అడుగు 2: జాబితాని కత్తిరించండి

నిజంగా కత్తెర అక్కర్లేదు, పెన్సిలుతో అడ్డగీతలు చాలు. మంచి విషయం ఏంటంటే జాబితా రాసినవాడే ఎక్కడ కత్తిరించాలో చెప్పేశాడు. కిరాణా కొట్టు చిట్టాలో మధ్యమధ్య మొత్తం వేసినట్టు, పేర్ల మధ్యలో మూడు చోట్ల "మొత్తం ఇంతమంది" అని లెక్క వేశాడు.

మొదటి మొత్తం: 17 మంది, "గుడారాల్లో ఉన్న రాజులు". తుదియా, ఆదాము, యంగి దగ్గర మొదలై ఉష్పియా, అపియాషల్ దగ్గర ఆగుతుంది. ఈ పేర్లని పైకి చదవండి. ఇమ్సు, హర్సు. జువాబు, నువాబు. పక్కపక్క పేర్లు ప్రాస కుదిరినట్టు జంటలుగా వస్తాయి. ఇది నోటికి పట్టించుకున్న వరస అనిపించట్లేదూ? దీదాను, హను అనేవి అసలు మనుషుల పేర్లకంటే అమోరైట్లు అనే పాతకాలపు సంచార జనాల తెగల పేర్లుగా ఎక్కువ తెలుసు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే దీనికి ఒక అద్భుతమైన సాక్ష్యం ఉంది. బాబిలోన్‌లో హమ్మురాబి వంశపు పూర్వీకుల పేర్లున్న ఒక పలక బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, 1966లో ఫింకెల్‌స్టైన్ అనే పండితుడు దాన్ని ప్రచురించాడు. అందులో హేయాన, దితాను, జుమ్మాబు, నమ్హు అనే పేర్లు వస్తాయి. మన జాబితాలోని హను, దీదాను, జువాబు, నువాబు పక్కన పెట్టి చూడండి. రెండు వేర్వేరు ఊళ్ల రాజవంశాలకి ఒకే పాత పేర్ల దండ! ఆ బాబిలోన్ పలక దేనికోసం రాశారంటే కిస్పుమ్ అనే కర్మ కోసం. అంటే పోయినవాళ్లని పేరుపేరునా పిలిచి తిండి, నీళ్లు సమర్పించడం. అమావాస్యనాడు తర్పణం వదులుతూ తండ్రి, తాత, ముత్తాతల పేర్లు చెప్పిన అలవాటున్న ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది నేను విడమరచి చెప్పక్కర్లేదు. చరిత్ర రాయడానికి కూర్చున్నవాడు ఇలాంటి వరసని వాడుకున్నాడు అంతే, ఆ వరస పుట్టింది మాత్రం చరిత్ర కోసం కాదు.

రెండో మొత్తం: 10 మంది, "పూర్వీకులైన రాజులు". దీని గురించి తర్వాతి అడుగంతా ఉంది.

మూడో మొత్తం: 6 మంది. సులిలి, కిక్కియా, అకియా, పుజుర్-అష్షూర్, షలిమ్-అహుమ్, ఇలుషుమ. వీళ్ల గురించి జాబితా ఇటుకల ప్రస్తావన తెచ్చి, వీళ్ల కాలపు సంవత్సరాధికారుల పేర్లు లేవని చెబుతుంది. అష్షూర్‌లో ఏడాదికొకరి పేరు ఆ ఏడాదికి పెట్టేవారు, ఆ మనిషిని లిమ్ము అంటారు. మనకి ప్రభవ, విభవ ఉన్నట్టు వాళ్లకి మనుషుల పేర్లు. ఆ లెక్క ఎరిషుమ్ 1 కాలం నుంచే మొదలైంది. కాబట్టి ఈ ఆరుగురికి ఏలిన సంవత్సరాలు జాబితాలో లేవు. ఎవరైనా "సులిలి 14 ఏళ్లు ఏలాడు" అని రాస్తే అది ఊహ అని కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు.

అడుగు 3: పది మంది వరసని తలకిందులు చేయండి

నా ఏ4 కాగితం చిరిగింది ఇక్కడే.

పది మంది పూర్వీకుల వరస ఇలా ఉంటుంది: అమిను, ఇలు-కబ్కబు కొడుకు. ఇలు-కబ్కబు, యజ్కుర్-ఎల్ కొడుకు. యజ్కుర్-ఎల్, యక్మెని కొడుకు. యక్మెని, యక్మెసి కొడుకు. అలా ఇలు-మెర్, హయాని, సమాను, హాలె మీదుగా చివరికి: అపియాషల్, ఉష్పియా కొడుకు. గమనించారా? మిగతా జాబితా అంతా తాత నుంచి మనవడికి దిగుతుంటే, ఈ ముక్క ఒక్కటీ మనవడి నుంచి తాతకి ఎక్కుతోంది. మిగతా పేర్లతో కలిపి ఒకే వరసలో పై నుంచి కిందికి దించేసుకుంటే కొడుకు తండ్రికి ముందు పుడతాడు. నేను చేసింది సరిగ్గా అదే.

ఇంకో చిన్న లెక్క. 17 కి 10 కలిపితే 27. కానీ అపియాషల్ మొదటి ముక్క చివర్లోనూ ఉన్నాడు, రెండో ముక్క చివర్లోనూ ఉన్నాడు. రెండుసార్లు లెక్కపెట్టారు. కాబట్టి నిజానికి 26 మందే, అందుకే సులిలి 27వ వాడయ్యాడు, 28 కాదు. ఒకే మనిషి రెండు ముక్కల్లో కనిపించాడంటే అర్థం, ఆ రెండింటినీ ఆయన దగ్గర కలిపి కుట్టారని.

ఇప్పుడు జాబితాలో కిందకి, 39వ వాడి దగ్గరికి దూకండి. షంషి-అదద్ 1. ఎక్కడినుంచో వచ్చి అష్షూర్‌ని పట్టుకున్న మొనగాడు. జాబితా ఆయన్ని ఇలు-కబ్కబు కొడుకు అంటుంది. మిగతావాళ్లకి ఒక్కో వాక్యమే దక్కితే ఈయనకి ఒక చిన్న కథే ఉంది: నరామ్-సిన్ కాలంలో కర్దునియాష్‌కి వెళ్లాడు, ఇబ్ని-అదద్ లిమ్ము ఏట తిరిగొచ్చి ఎకల్లాతుమ్ అనే ఊరిని పట్టుకున్నాడు, మూడేళ్లు అక్కడున్నాడు, అతమర్-ఇష్తార్ లిమ్ము ఏట నరామ్-సిన్ కొడుకు ఎరిషుమ్‌ని గద్దె దింపాడు, 33 ఏళ్లు ఏలాడు. (బాబిలోనియాకి కర్దునియాష్ అన్న పేరు షంషి-అదద్ కాలంలో లేదు, తర్వాత బాబిలోనియాని ఏలిన కస్సైట్ల కాలంలో వచ్చింది. అంటే ఈ కథని ఇప్పుడున్న మాటల్లో రాసినవాడు ఎంత తర్వాతివాడో ఆ ఒక్క మాటే పట్టిస్తోంది.)

ఇలు-కబ్కబు పేరు ఎక్కడ చూశాం? అమిను తండ్రి! ఈ పది మందీ అష్షూర్ రాజులు కారని, షంషి-అదద్ సొంత తాతముత్తాతలని లాండ్స్‌బెర్గర్ అనే పండితుడు 1954లో వాదించాడు, ఇప్పుడు చాలామంది పండితులు ఒప్పుకునేది అదే. అమిను షంషి-అదద్ అన్న అయ్యుంటాడు. మారి నగరంలో దొరికిన ఒక సంవత్సర వృత్తాంతంలోనూ అమినుమ్ అనే పాలకుడు కనిపిస్తాడు. బయటి నుంచి వచ్చి గద్దెనెక్కినవాడి తాతల వరసని స్థానిక రాజుల వరసకి ముందు తగిలించేస్తే ఆయనా ఇంటివాడే అయిపోతాడు. ఎప్పుడు తగిలించారన్నదాని మీద వాదాలున్నాయి గానీ, తగిలించిన సంగతి మాత్రం కళ్లకి కనిపిస్తూనే ఉంది.

ఇక కాగితం మీద పెట్టి చూడండి. జాబితా మాట నిజమైతే సులిలి తండ్రి అమిను, అమిను తమ్ముడు షంషి-అదద్. అంటే షంషి-అదద్ సులిలికి బాబాయి. కానీ జాబితాలోనే ఈ ఇద్దరి మధ్య 11 మంది రాజులున్నారు, సుమారు 200 ఏళ్లు. అబ్బాయి పోయిన రెండు వందల ఏళ్లకి బాబాయి పుట్టడం! ఇద్దరు వేర్వేరు అమినులు అనుకుని తప్పించుకోవచ్చు, కొన్ని వెబ్ పేజీలు అలాగే చేస్తాయి. నాకది నచ్చదు, ఎందుకంటే తర్వాతి అడుగు.

అడుగు 4: అతుకు ఎక్కడుందో వేలితో తడమండి

మూడో ముక్కలోని ఆరుగురి వాక్యాలు మళ్లీ చదవండి. సులిలి, అమిను కొడుకు. కిక్కియా. అకియా. పుజుర్-అష్షూర్. షలిమ్-అహుమ్. ఇలుషుమ.

ఆరుగురిలో తండ్రి పేరున్నది సులిలికి ఒక్కడికే. మిగతా ఐదుగురికీ పేరు తప్ప ఏమీ లేదు. షలిమ్-అహుమ్ తండ్రి పుజుర్-అష్షూర్ అని షలిమ్-అహుమ్ సొంత శాసనమే చెబుతున్నా జాబితా దాన్ని రాయలేదు. అంటే రాసేవాడి ముందున్న పాత పలకలో ఉత్త పేర్లే ఉన్నాయి. ఆ పేర్లలో మొదటిదానికి, పది మంది వరస కొసన ఉన్న అమినుకి ముడి వేయడానికి "అమిను కొడుకు" అనే రెండు మాటలు చేర్చాడు. ఉష్పియా, అపియాషల్ దగ్గర ఒక అతుకు, సులిలి దగ్గర ఇంకో అతుకు. ఇది నా తీర్పు, మీరు వేరేలా అనుకోవచ్చు, కానీ పాత చొక్కాకి మాసిక ఎక్కడ వేశారో చేత్తో తడిమితే తెలిసినట్టు ఇది తెలుస్తోంది.

పలక ఫోటోలో చూడాలనుకుంటే, లిప్యంతరీకరణలో పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో దుము అన్న మాట కోసం వెతకండి. సుమేరియన్ గుర్తు అది, అక్కాడియన్‌లో మార్ అని చదువుతారు, కొడుకు అని అర్థం. ఆ గుర్తు ఉందా లేదా, ఉంటే ఎవరి పేరు పక్కన ఉంది, వంశం తేల్చే పనిలో సగం ఇదే.

అడుగు 5: ఆయన కాలం వాళ్లని అడగండి

జాబితా పక్కన పెట్టేయండి. ఆ కాలంలోనే చెక్కినవి, ముద్ర వేసినవి ఏమున్నాయో చూడండి. సులిలి విషయంలో అదృష్టం ఏంటంటే ఒకటుంది, అదీ అష్షూర్‌లో కాదు, అక్కడికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, టర్కీలో.

అష్షూర్ వర్తకులు గాడిదల మీద తగరం, నేత బట్టలు వేసుకుని ఇప్పటి కైసేరి దగ్గరున్న కనేష్ పట్నానికి వెళ్లేవారు. ఇప్పుడు ఆ దిబ్బ పేరు కుల్‌తెపె. అక్కడ వాళ్ల ఉత్తరాలు, అప్పు పత్రాలు 20 వేలకి పైగా దొరికాయి. పత్రం రాసి మట్టి కవరులో పెట్టి, కవరు మీద సిలిండరు ఆకారపు ముద్రని దొర్లించేవారు, మన స్టాంపు పేపరు మీద సంతకం లాగా. అలాంటి కవర్ల మీద ఒక ముద్ర అచ్చు కనిపించింది. దాని మీది రాత: అష్షూర్ (దేవుడు) రాజు. సిలులు అష్షూర్ ప్రతినిధి. దకికి కొడుకు. అష్షూర్ నగర దండోరా అధికారి.

ఇందులో ప్రతి ముక్కా బంగారం. సిలులు, సులిలి ఒకరే అని చాలామంది భావిస్తారు, పేర్లు అంత దగ్గర. ఒకరే అయితే తండ్రి పేరు అమిను కాదు, దకికి. చివరి హోదా కొడుకుదా తండ్రిదా అన్నది వాక్యం వరసని బట్టి రెండు రకాలుగా చదవొచ్చు. ఎక్కువమంది దకికిదే అంటారు. నాకు అదే సబబుగా తోస్తుంది: కొడుకు పాలకుడయ్యాక తండ్రి ఒకప్పటి ఉద్యోగం చెప్పుకోవడంలో వింతేముంది? రాజు కొడుకు కాదు, ఊళ్లో చాటింపు వేయించే అధికారి కొడుకు.

ఇక్కడ కొత్తవాళ్లు బోల్తా పడే చోటు ఒకటి. ఆ ముద్రని కనేష్‌లో వాడినవాడు ఈ రాజు కాదు. చాలా కాలం తర్వాత అదే పేరున్న ఇంకో వ్యక్తి, బహుశా పేరు కలిసిందన్న ముచ్చటతో, పాత రాజముద్రని సంపాదించి తన పత్రాలకి వాడుకున్నాడు. కాబట్టి పత్రం తేదీ వేరు, ముద్ర తేదీ వేరు. పత్రం మీది తేదీ చూసి "సులిలి కనేష్ వర్తకుల కాలం వాడు" అని రాసుకోకండి. ముత్తాత ఉంగరం వేలికుందని మనవడు ముత్తాత అయిపోడు కదా.

సులిలి నుంచి కిందికి దిగితే పరిస్థితి మెరుగవుతుంది. షలిమ్-అహుమ్ శాసనం తనని పుజుర్-అష్షూర్ కొడుకునంటుంది. ఇలుషుమ తన తండ్రి షలిమ్-అహుమ్ అంటాడు. ఎరిషుమ్ 1 తన తండ్రి ఇలుషుమ అంటాడు, ఎరిషుమ్ కొడుకు ఇకునుమ్, ఇకునుమ్ కొడుకు సర్గోన్ 1. వీళ్లందరివీ సొంత మాటలున్నాయి. అందుకే పుజుర్-అష్షూర్ నుంచి కిందికి పెన్సిలు గీత మీద పెన్ను దిద్దేయొచ్చు. పైకి మాత్రం పెన్సిలే. సులిలికి కిక్కియా ఏమవుతాడు, కిక్కియాకి అకియా ఏమవుతాడు, పుజుర్-అష్షూర్‌కి వీళ్లెవరైనా చుట్టాలా, ఒక్క ఆధారమూ లేదు. అక్కడ గీతే గీయకండి.

అడుగు 6: "రాజు" అనే మాట కోసం వెతక్కండి

ముద్ర మీది మొదటి వాక్యం మళ్లీ చూడండి. అష్షూర్ రాజు. అంటే దేవుడే రాజు, మనిషి ఆయన ప్రతినిధి. అక్కాడియన్‌లో ఇష్షియక్కుమ్. ఎరిషుమ్ కూడా ఇదే పద్ధతిలో చెప్పుకున్నాడు. ఉత్తరాల్లో వాక్లుమ్, అంటే పెద్ద, పర్యవేక్షకుడు, అని సంతకం చేసేవారు. మధ్యలో షంషి-అదద్ లాంటి ఒకరిద్దరు తప్ప, రాజు అన్న బిరుదు అష్షూర్ పాలకులకి నికరంగా వచ్చింది క్రీ.పూ. 14వ శతాబ్దంలో అష్షూర్-ఉబల్లిత్ 1తోనే. డేటాబేస్‌లో "కింగ్ సులిలి" అని కొడితే ఏమీ రాకపోవడానికి కారణం ఇది. పేరుతో వెతకండి, లేదా ప్రతినిధి అన్న బిరుదుతో వెతకండి.

అడుగు 7: తర్వాతి రాజులు ఆయన్ని తలచుకున్నారా?

అస్సీరియా రాజులకి ఒక మంచి అలవాటుంది. పాత గుడినో గోడనో బాగుచేయిస్తే, ముందు ఎవరు కట్టారు, ఎవరు బాగుచేశారు అని పేర్లతో సహా రాయించేవారు. కాబట్టి మన రాజు పేరు అక్కడ ఎక్కడైనా వస్తుందేమో చూడాలి.

ఉష్పియా వస్తాడు. క్రీ.పూ. 13వ శతాబ్దంలో షల్మనేసర్ 1 అష్షూర్ దేవుడి గుడిని మళ్లీ కట్టిస్తూ, మొదట కట్టింది ఉష్పియా అన్నాడు. కిక్కియా వస్తాడు, నగర ప్రాకారం కట్టినవాడిగా. సులిలి పేరు మాత్రం ఈ వరసల్లో లేదు. కట్టడం లేకపోతే తలచుకోవడమూ లేదు మరి.

ఈ శాసనాల్లో సంవత్సరాల దూరాలూ ఉంటాయి, అవి చూడగానే ఎగిరి గంతేయకండి. ఎరిషుమ్ గుడికీ షంషి-అదద్ గుడికీ మధ్య 159 ఏళ్లని షల్మనేసర్ 1 అంటాడు. అదే దూరాన్ని దాదాపు 600 ఏళ్ల తర్వాత అస్సీరియా రాజు ఎసర్‌హద్దన్ 126 అంటాడు. ఎవరి మాట నమ్మాలి? కుల్‌తెపెలో దొరికిన లిమ్ము జాబితాల ప్రకారం ఎరిషుమ్ 1కి 40, ఇకునుమ్‌కి 14, సర్గోన్ 1కి 40, పుజుర్-అష్షూర్ 2కి 8. ఇక్కడికే 102 అయ్యాయి, ఇంకా నరామ్-సిన్, ఎరిషుమ్ 2 మిగిలే ఉన్నారు, నరామ్-సిన్ ఒక్కడికే 40 పైన. 126లో ఇది పట్టదు. 159 దగ్గరికి వస్తుంది. ఈ కూడిక మీరే వేసుకోండి, సరదాగా ఉంటుంది.

అడుగు 8: జాబితాలో ఎవరు లేరో చూడండి

దీన్ని అందరూ వదిలేస్తారు, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టమైన అడుగు ఇదే. అష్షూర్‌ని నిజంగా ఏలి, శాసనం కూడా వేయించి, జాబితాలో పేరే లేనివాళ్లున్నారు. ఇనిన్‌లబ కొడుకు ఇతితి, గసుర్ అనే ఊరి దోపిడి సొమ్ములోంచి ఇష్తార్ దేవతకి కానుక ఇచ్చాడు. అక్కాద్ రాజు మనిష్తుషు సేవకుడినని చెప్పుకున్న అజుజు, ఒక రాగి ఈటె మొన మీద. ఉర్ రాజు అమర్-సిన్ క్షేమం కోరి గుడి కట్టించిన జరికుమ్ అనే గవర్నరు. వీళ్లు ముగ్గురూ దక్షిణాది సామ్రాజ్యాల నీడలో ఉన్నవాళ్లు, అందుకే పక్కన పెట్టారేమో అనుకుందాం.

కానీ పుజుర్-సిన్ సంగతి? ఆయన శాసనం కోపంతో మండిపోతూ ఉంటుంది. షంషి-అదద్ సంతతివాడైన అసినుమ్‌ని తరిమేశానని, వాళ్లు అష్షూర్ రక్తం కాని పరాయివాళ్లని, షంషి-అదద్ కట్టిన గోడనీ కోటనీ పడగొట్టించానని రాయించుకున్నాడు. ఆ మనిషి పేరు పెద్ద జాబితాలో లేదు! ఎవరి పూర్వీకుల్ని తగిలించడానికి జాబితాని అతికారో, వాళ్లని తిట్టినవాడికి అందులో చోటు దొరకలేదు. నా అంచనా ఇది, కానీ అడుగు 3 పక్కన పెట్టి చదివితే మీకూ అలాగే అనిపిస్తుంది.

ఆ కల్లోలంలోనే జాబితా అష్షూర్-దుగుల్ అనేవాణ్ణి "ఎవరి కొడుకూ కాడు" అని తీసిపారేస్తుంది, ఆయన కాలంలోనే ఇంకో ఆరుగురు అలాంటివాళ్లు లేచారంటుంది. ఆ ఆరుగురిలో చివరివాడు అదాసి. తమాషా ఏంటంటే, వెయ్యేళ్ల తర్వాత ఎసర్‌హద్దన్ అంతటి చక్రవర్తి తన వంశానికి మూలపురుషుడిగా చెప్పుకున్నది ఈ అదాసి కొడుకు బేలు-బానినే.

అడుగు 9: తేదీ వేసేటప్పుడు పక్కన చిన్న గుర్తు పెట్టండి

అస్సీరియా కాలగణనకి గట్టి మేకు క్రీ.పూ. 763 జూన్ 15న వచ్చిన సూర్యగ్రహణం, బూర్-సగలె లిమ్ము ఏట. అక్కడి నుంచి వెనక్కి క్రీ.పూ. 14వ శతాబ్దం దాకా నడక బాగానే సాగుతుంది. ఇంకా వెనక్కి పోతే నేల మెత్తబడుతుంది. పండితులు వాడే కాలగణన ఒక్కటే కాదు: హమ్మురాబి ఏలుబడిని మధ్యస్థ లెక్కలో 1792–1750 అంటారు, కింది లెక్కలో 1728–1686 అంటారు, 64 ఏళ్ల తేడా. సులిలికి సొంత సంవత్సరాలే లేవు కాబట్టి ఆయన తేదీ పూర్తిగా పక్కవాళ్ల తేదీల మీద ఆనుకుని ఉంటుంది. మధ్యస్థ లెక్కలో ఎరిషుమ్ 1 గద్దెనెక్కింది సుమారు 1974. అంతకు ముందు ఇలుషుమ, షలిమ్-అహుమ్, పుజుర్-అష్షూర్, వాళ్లకి ముందు అకియా, కిక్కియా. ఏ లెక్కలో వేశారో రాయకుండా సంఖ్య మాత్రం రాసిన పేజీని చూస్తే నేనైతే ట్యాబ్ మూసేస్తాను.

నెట్‌లో ఎదురయ్యే ఇంకో గుంట: తుదియా సిరియాలోని ఎబ్లా అనే పాత నగరంతో సంధి చేసుకున్నాడన్న మాట. 1970ల్లో ఎబ్లా పలకలు బయటపడ్డప్పుడు పెత్తినాతో అనే పండితుడు ఒక సంధి పలకలో అష్షూర్ అని చదివాడు, ఆ పేరు అబర్సల్ అనే వేరే ఊరిదని తర్వాత తేలింది. చదువు మారింది గానీ కాపీ పేస్టులు మారలేదు. మొదటి రాజుకి సమకాలీన సాక్ష్యం దొరికిందన్న ఉత్సాహం చల్లారడం కాస్త బాధే, ఏం చేస్తాం.

తెలుగులో రాసుకునేటప్పుడు పేర్ల స్పెల్లింగుతోనూ చిక్కే. అష్షూర్, అసూర్, అస్సుర్ మూడూ కనిపిస్తాయి. ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి. సులిలి, సిలులు మాత్రం కలిపేయకండి. మొదటిది జాబితా మాట, రెండోది ముద్ర మాట. రెండింటికీ ఒకే స్పెల్లింగు పెట్టిన క్షణం నుంచి మీరు తేల్చాల్సిన ప్రశ్నే కాగితం మీద కనిపించకుండా పోతుంది.

ఇప్పుడు కొత్త కాగితం తీసి సులిలి గురించి రాయండి. నా కాగితం మీద ఇలా ఉంది. పేరు: జాబితాలో సులిలి, ముద్ర మీద సిలులు, బహుశా ఒకరే. తండ్రి: ముద్ర ప్రకారం దకికి (పెన్ను), జాబితా ప్రకారం అమిను (పెన్సిలు, పక్కన "అతుకు?"). హోదా: అష్షూర్ దేవుడి ప్రతినిధి. ఏలిన కాలం: ఎరిషుమ్ 1 కంటే ముందు, మధ్యస్థ లెక్క. ఏలిన సంవత్సరాలు: ఖాళీ. కట్టడాలు: ఖాళీ. కొడుకులు: ఖాళీ. కింద కిక్కియా పేరు రాసి మధ్యలో గీత గీయకుండా వదిలేశాను.